సంగీతంలో సాంకర్యం: శ్రీనివాస్ 'డ్రీమ్' - శ్రోతలు, విమర్శకులు

రెండు సంగీతాలు కలిసిన చోట మనకు సాధారణంగా రెండే అభిప్రాయాలు వినిపిస్తాయి. ఒకటి, అపచారం జరిగిపోయిందన్నది. రెండోది, అద్భుతం జరిగిపోయిందన్నది. మొదటిది సంప్రదాయాభిమాని ఆవేదన. రెండోది కొత్తదనం మీద మోజు. ఈ రెండూ విమర్శలు కావు. విమర్శ అనేది 'ఏం జరిగింది, ఎలా జరిగింది, ఎవరి వల్ల ఎవరికి ఏం ఒరిగింది' అనే ప్రశ్నలతో ప్రారంభమవుతుంది. పరస్పర విరుద్ధంగా కనిపించే ఆ రెండు అభిప్రాయాలూ ఈ మూడు ప్రశ్నలనూ దాటవేయడంలో మాత్రం ఏకీభవిస్తాయి.

సాహిత్య పత్రికలో సంగీతం ప్రసక్తి ఎందుకని కొందరు అనుకోవచ్చు. వచన కవిత మీద, జానపద బాణీలో రాసిన అభ్యుదయ గేయం మీద, మాండలికంలో రాసిన కథ మీద మనం చేసిన వాదోపవాదాలన్నిటికీ మూలం ఇదే సమస్య. ఒక రూపం మరో రూపంతో కలిసినప్పుడు ఆ కలయికను తూచే తూనిక ఏది? ఈ ప్రశ్నకు సంగీతంలో దొరికే జవాబు సాహిత్య విద్యార్థికి కూడా ఉపయోగపడుతుంది. సంగీతంలో మాటల అడ్డు ఉండదు గనుక రూపానికి సంబంధించిన సమస్య మరింత నగ్నంగా కనిపిస్తుంది.

అందుకు అనువైన ఉదాహరణ మన గోదావరి జిల్లాలోనే ఉంది. పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న పుట్టి, మాండొలిన్ శ్రీనివాస్‌గా లోకప్రసిద్ధుడైన ఉప్పలపు శ్రీనివాస్, కెనడా దేశపు గిటార్ కళాకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన 'డ్రీమ్' అనే ఆల్బమ్ 1995లో వెలువడింది. ప్రచురించినది ఇంగ్లండులోని రియల్ వరల్డ్ రికార్డ్స్ సంస్థ. ఆల్బమ్ మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అందులోని రచనల పేర్లు 'డాన్స్', 'థింక్', 'రన్', 'డ్రీమ్'. కర్ణాటక సంగీత శ్రోత ఎదురుచూసే రాగం పేరు గానీ, తాళం పేరు గానీ, వాగ్గేయకారుడి ముద్ర గానీ ఆ పేర్లలో లేవు. అభిప్రాయభేదాలు ఈ పేర్ల దగ్గరే మొదలవుతాయి.

ఆల్బమ్‌ను గురించి చెప్పేముందు ఆ కళాకారుడి గురించి కొంత చెప్పుకోవాలి. శ్రీనివాస్ తండ్రి సత్యనారాయణ క్లారినెట్, మాండొలిన్ వాయించేవారు. కొడుకు ఐదారేళ్ళ వయసులోనే తండ్రి మాండొలిన్ చేతపట్టాడు. తండ్రికి గురువు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు అయిన రుద్రరాజు సుబ్బరాజు గారు ఆ పిల్లవాడికి కూడా పాఠం చెప్పారు. ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగల మీద పలికించేవాడు. ఇది చాలా ముఖ్యమైన విషయం. మాండొలిన్ మీద ఏ వేళ్ళు ఎక్కడ వేయాలో చెప్పే గురువు లేడు గనుక, వాద్యానికి అలవాటైన దారి శిష్యుడికి తెలియలేదు. గొంతు పోయిన దారిన వాద్యం వెళ్ళవలసి వచ్చింది. 1978లో గుడివాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ, 1981లో మద్రాసు డిసెంబరు సంగీతోత్సవాల్లో ప్రవేశం, 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవం - ఇలా పద్నాలుగేళ్ళు నిండేసరికి పాలకొల్లు నుంచి యూరప్ దాకా వెళ్ళాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, నలభై ఐదేళ్ళకే కన్నుమూశాడు.

ఇక మొదటి అభిప్రాయాన్ని పరిశీలిద్దాం. శ్రీనివాస్ బ్రూక్‌తో కలవకముందే సంప్రదాయవాదులు అతనిమీద ఒక ఆక్షేపణ తెచ్చారు: మాండొలిన్ పాశ్చాత్య వాద్యం, మెట్లున్న వాద్యం, దానిమీద గమకం పలకదు. ఈ ఆక్షేపణను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. గమకం లేకపోతే కర్ణాటక రాగం లేదు. ఒకే స్వరస్థానాలు గల రెండు రాగాలు వేర్వేరుగా వినిపించడానికి కారణం ఆ స్వరాల మధ్య నడక, ఊపు, జారుడు. అయితే ఆక్షేపణలో మొదటి భాగం చరిత్రకు నిలవదు. వయొలిన్‌ను మన సంగీతంలోకి తెచ్చినవాడు ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు. ముత్తుస్వామి దీక్షితులే యూరోపియన్ బ్యాండు బాణీలకు సంస్కృత సాహిత్యం రాశారు. దాన్నే నోటుస్వర సాహిత్యం అంటున్నాం. ఈనాడు వయొలిన్ లేని కర్ణాటక గాత్రకచేరీని ఊహించలేం. రెండో భాగానికి జవాబు వీణ దగ్గరే ఉంది. వీణకూ మెట్లున్నాయి! వీణ మీద తీగను పక్కకు లాగి గమకం పలికిస్తారు. కాబట్టి అడ్డు మెట్లు కావు.

మరి అసలు అడ్డు ఏది? మామూలు మాండొలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. జతతీగలను కలిపి లాగితే శ్రుతి చెదురుతుంది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. ఆ చిన్న వాద్యంలో మీటిన నాదం క్షణంలో ఆరిపోతుంది. గమకం పూర్తయ్యేలోగా నాదమే ఉండదు. అందుకే ఆ వాద్యం వాయించేవారు ఒకే స్వరాన్ని గబగబా మళ్ళీమళ్ళీ మీటుతూ దానికి నిడివి కల్పిస్తారు. పాత సినిమా పాటల్లో మనం విన్న మాండొలిన్ వణుకు అదే. ఆ వణుకుతో రాగాలాపన సాధ్యం కాదు. శ్రీనివాస్ జతతీగలు తీసివేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు. తర్వాత ఐదో తీగ చేర్చాడు. విద్యుత్తుతో పనిచేసే మాండొలిన్ ఎంచుకున్నాడు. ఒక్కసారి మీటితే నాదం నిలుస్తుంది. నిలిచిన నాదాన్ని లాగవచ్చు, జార్చవచ్చు. గమకం ఇలా సాధ్యమైంది. సంప్రదాయం నిలవడానికే సాధనాన్ని మార్చవలసి వచ్చిందన్న మాట. ఈ వైరుధ్యాన్ని సంప్రదాయవాది గ్రహించలేకపోయాడు.

ఇక్కడ ఒక మాట గురించి హెచ్చరిక అవసరం. ఇలాంటి కలయికలను నిందించేవారు 'సంకరం' అంటారు. ఈ మాట సంగీతశాస్త్రం లోంచి మాత్రమే రాలేదు. వర్ణసాంకర్యాన్ని మహాపాపంగా ఎంచిన ధర్మశాస్త్రాల వాసన దానికి అంటుకుని ఉంది. స్వచ్ఛత అనే భావం సమాజంలో చేసిన పని మనకు తెలుసు. కళలో దాన్ని ప్రమాణంగా స్వీకరించేముందు అభ్యుదయవాది రెండుసార్లు ఆలోచించాలి. మా మెట్ట ప్రాంతపు రైతు సంకరజాతి మొక్కజొన్న వేసేటప్పుడు దాని కులగోత్రాలు విచారించడు. దిగుబడి ఎంత, తెగులు తట్టుకుంటుందా, వచ్చే ఏడాది విత్తనం మళ్ళీ కంపెనీ దగ్గరే కొనాలా అని అడుగుతాడు. ఈ మూడో ప్రశ్నను పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. దాని అవసరం ముందు వస్తుంది.

రెండో అభిప్రాయం, అద్భుతవాదం. దీనికి పుట్టిల్లు పాశ్చాత్య విపణి. 'వరల్డ్ మ్యూజిక్' అనే పేరు ఏ సంగీతశాస్త్రజ్ఞుడూ పెట్టింది కాదు. 1987లో లండన్‌లో కొన్ని చిన్న రికార్డు కంపెనీలవారు సమావేశమై, ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా రికార్డులను దుకాణంలో ఏ గూట్లో పెట్టాలో తేలక, అమ్మకం సౌకర్యం కోసం పెట్టుకున్న పేరది. ఆ తర్వాత రెండేళ్ళకు, 1989లో, పీటర్ గేబ్రియల్ రియల్ వరల్డ్ రికార్డ్స్ నెలకొల్పాడు. ఆ సంస్థ ఎందరో ఆసియా, ఆఫ్రికా కళాకారులకు మంచి ధ్వనిముద్రణ, విస్తారమైన శ్రోతలోకం ఇచ్చిందన్నది నిస్సందేహం. అయితే ఆ గూటి తర్కాన్ని కూడా చూడాలి. అదే సంస్థ 1994లో శ్రీనివాస్‌దే 'రామ శ్రీరామ' అనే ఆల్బమ్ వేసింది. అది సంప్రదాయ కర్ణాటక సంగీతం. మరుసటి ఏడాది 'డ్రీమ్' వేసింది. ఒకటి కలగలుపు, రెండోది కాదు. దుకాణంలో మాత్రం రెంటికీ ఒకటే గూడు! ఆ గూటి ముందు నిలబడిన శ్రోతకు 'దూరదేశపు ధ్వని' అన్నదే అర్హత. అలాంటి శ్రోత మెప్పులో 'మార్మికం', 'ధ్యానం', 'స్వప్నం' వంటి మాటలు దొర్లుతాయి. పేరే 'స్వప్నం' అయిన ఈ ఆల్బమ్‌కు ఆ ప్రమాదం మరీ ఎక్కువ. పాలకొల్లు పిల్లవాడు గంటల తరబడి చేసిన సాధన, తీగ మార్చిన తెలివి, సుబ్బరాజు గారి పాఠం - ఈ శ్రమ అంతా ఆ 'మార్మిక' పొగలో కనబడకుండా పోతుంది. శ్రమను కప్పిపుచ్చే మెప్పు నిందకంటే మేలైనదేమీ కాదు.

ఈ రెండు పక్షాలకూ చెందని శ్రోతలున్నారు. వారి మాట పత్రికలకెక్కదు. మా జంగారెడ్డిగూడెంలో కొందరు సాహిత్య మిత్రులం ఈ ఆల్బమ్‌ను కలిసి విన్నప్పుడు వెలిబుచ్చిన అభిప్రాయాలను ఇక్కడ క్రోడీకరిస్తాను. రిటైరైన తెలుగు పండితులొకరు, "పల్లవి ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో తెలియలేదు, వాక్యాలున్నాయి గాని వ్యాసం లేదు" అన్నారు. పెళ్ళిళ్ళకు సన్నాయి వాయించే పెద్దాయన, "వెనక మోత ఆయన కోసం ఆగడం లేదండీ. ఆయనే దానికి సరిపెట్టుకుంటున్నాడు. డోలు అలా చెయ్యదు, నా ముఖం చూస్తుంది" అన్నాడు. డిగ్రీ చదివే కుర్రవాడు, "కచేరీ అయితే నేను పది నిమిషాలు కూర్చోలేను మాస్టారూ, ఇది చివరిదాకా విన్నాను, ఆ తర్వాత ఆయన త్యాగరాజ కృతులు కూడా విన్నాను" అన్నాడు. ఒక గృహిణి, "మెల్లగా సాగేచోట తీగ ఏడ్చినట్టుంది. ఎవరి ఏడుపో తెలియదు, అయినా నాదే అనిపించింది" అన్నారు.

ఈ నాలుగు మాటల్లో మొదటిది నిర్మాణం గురించి, రెండోది అధికారం గురించి, మూడోది ప్రచారం గురించి, నాలుగోది అనుభూతి గురించి. శాస్త్ర పరిభాష లేదన్న మాటే గాని, సక్రమమైన విమర్శకు కావలసిన నాలుగు కోణాలూ ఇందులో ఉన్నాయి. శ్రోతలకేం తెలుసని తోసిపుచ్చే విమర్శకుడు, శ్రోతలు మెచ్చారు గనుక గొప్పదనే విమర్శకుడు - ఇద్దరూ తమ పని తప్పించుకుంటున్నవారే. శ్రోత అనుభవాన్ని కారణాలతో ముడిపెట్టడమే విమర్శకుడి పని.

ముందు గృహిణి మాటకు కారణం వెతుకుదాం. మెల్లగా సాగే భాగాలు ఎందుకు అంత బలంగా తాకుతాయి? బ్రూక్ గిటార్ వాద్యకారుడు మాత్రమే కాదు; 'ఇన్ఫినిట్ గిటార్' అనే సాధనాన్ని తయారుచేసినవాడు. ఒకసారి పలికిన తీగ, విద్యుత్ పరికరం సాయంతో, వాద్యకారుడు వద్దనేదాకా మోగుతూనే ఉంటుంది. ఇప్పుడు శ్రీనివాస్ చేసిన మార్పులను గుర్తు తెచ్చుకోండి. మీటిన తీగ నాదం ఆరిపోకుండా నిలబెట్టడం ఎలా అన్నదే అతని సమస్య కూడా. ఒకరు పాలకొల్లు నుంచి, ఒకరు కెనడా నుంచి, ఒకరు గమకం కోసం, ఒకరు కొత్త ధ్వని కోసం, పరస్పరం తెలియకుండానే ఒకే భౌతిక సమస్యతో కుస్తీ పట్టారు. వీరి కలయికను 'తూర్పు పడమరల సంగమం' అనడం పోస్టరు భాష. అసలు కలిసినవి రెండు దిక్కులు కావు, రెండు పనితనాలు. నిలిచిన నాదం ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి. గిటార్ నాదం కిందుగా ఆగకుండా పరుచుకున్నప్పుడు మాండొలిన్ గమకం దానిమీద నిదానంగా కదలడానికి చోటు దొరుకుతుంది. ఆ నాదం తంబురా చేసే పనే చేస్తుంది, తంబురా మాత్రం కాదు. కలయిక నిజమైన చోటు ఇదే. అక్కడే శ్రోత గుండె తడవడం కాకతాళీయం కాదు.

ఇప్పుడు సన్నాయి పెద్దాయన మాట. ఇది మరింత గట్టి విమర్శ. కచేరీలో మృదంగం తోడుగా నడుస్తుంది, ఎదురు ప్రశ్న వేస్తుంది, అవసరమైతే ఆగుతుంది. స్టూడియోలో ధ్వనిని పొరలు పొరలుగా పేరుస్తారు. ఒక పొర ముందే గట్టిపడి ఉంటుంది. తర్వాత వచ్చినవాడు దానికి ఒదగాలి. ఆఖరున కత్తెర ఎవరి చేతిలో ఉంటే చివరి మాట వారిది. ఇది ఊహాపోహ కాదు. బ్రూక్ ఇదే సంస్థ కోసం, నుస్రత్ ఫతే అలీ ఖాన్‌తో 1990లో 'మస్త్ మస్త్' ఆల్బమ్ చేశాడు. అందులో కొన్ని కోతల వల్ల గాయకుడి పదబంధాలు సగంలో తెగి అర్థం చెడిందనీ, అందుకు నుస్రత్ ఒప్పుకోకపోవడంతో సర్దుబాటు చేయవలసి వచ్చిందనీ బ్రూక్ స్వయంగా చెప్పుకున్నాడు. దాచకుండా చెప్పడం అతని నిజాయితీ. అయితే పాటలో మాట ఉంది కాబట్టి కోత బయటపడింది. వాద్యంలో మాట లేదు. కానీ రాగసంచారం కూడా వాక్యమే. దానికీ కర్త, కర్మ, క్రియ ఉన్నాయి. ఒక స్వరం దగ్గర మొదలై, ఒక స్వరాన్ని ఆశపెట్టి, మరో స్వరం మీద న్యాసం చేస్తుంది. దాన్ని మధ్యలో తుంచి తిరిగి తిరిగి వినిపిస్తే అలంకారమవుతుంది గాని అర్థం కాదు. మా పండితులు "వాక్యాలున్నాయి గాని వ్యాసం లేదు" అన్నది ఈ భయాన్నే. ఆయన మాట 'డ్రీమ్' అంతటికీ వర్తించదని నా అభిప్రాయం. నిదానపు భాగాల్లో వాక్యం పూర్తవుతుంది. లయ ముందుండి లాగే చోట్ల మాండొలిన్ వేగం మాత్రం మెరుపుగా మెరిసి, చెప్పవలసింది చెప్పకుండానే తప్పుకుంటుంది.

కాబట్టి ఈ ఆల్బమ్ విజయమా, వైఫల్యమా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం చెప్పను. ఒకే రచనలో కలయిక నిజమైన చోట్లూ, కలయిక పేరుకే మిగిలిన చోట్లూ ఉంటాయి. రెండు కళలు తమ పనిలోని సమస్య దగ్గర కలిస్తే అది కలయిక. పై అలంకారం దగ్గర మాత్రమే కలిస్తే అది పొట్లం కట్టడం. 'డ్రీమ్'లో రెండూ ఉన్నాయి. ఏది ఎక్కడుందో చూపడం విమర్శ. అంతటినీ ఒకే రంగు పూసి మెచ్చడం, నిందించడం సోమరితనం.

ఈ ప్రమాణం సాహిత్యంలో మనకు కొత్త కాదు. శ్రీనివాస్ సొంతూరికి దగ్గరలోనే ఉన్న తణుకు కవి దేవరకొండ బాలగంగాధర తిలక్‌ను జ్ఞాపకం చేసుకోండి. భావకవిత్వపు సౌకుమార్యాన్ని అభ్యుదయ వస్తువుతో కలిపినందుకు ఇటువాళ్ళూ అటువాళ్ళూ అనుమానించారు. తిలక్ ఎక్కడ నిలిచాడు? సాధారణ మానవుడి దుఃఖాన్ని చెప్పడానికి ఆ సౌకుమార్యం అవసరమైన చోట నిలిచాడు. సౌకుమార్యం తనకోసమే మిగిలిన చోట వాడిపోయాడు. ప్రజానాట్యమండలి జంగం కథ నుంచి వచ్చిన బుర్రకథను తీసుకుని కొత్త వస్తువు నింపింది. నాజర్ చేతిలో ఆ కలయిక ఎందుకు పండింది? ఆ రూపంలోని పనితనం అతనికి సొంతం గనుక. కథకుడికీ వంతలకూ మధ్య ఉండే ప్రశ్నోత్తర నిర్మాణం కొత్త వస్తువుకు నిజంగా పనికొచ్చింది గనుక. అదే బుర్రకథ తంబురా గుబ్బగుమ్మెటలు పట్టుకుని ప్రభుత్వ పథకాల జాబితా చదివినప్పుడు రూపం మిగిలింది, కళ మిగల్లేదు.

విషయం ఇంతటితో ముగిస్తే ఇది కేవలం రసాస్వాదన చర్చగా మిగిలిపోతుంది. మాకు ఉత్తరంగా అడవి మొదలవుతుంది. అక్కడి కోయ గూడేల్లో రేల పాట ఉంది. దాని అడుగు, దాని దరువు ఈనాడు పెళ్ళి ఊరేగింపుల డీజే పెట్టెల్లోకి వచ్చేశాయి. పోలవరం కింద ఊళ్ళు ఖాళీ అవుతున్న కాలంలో, ఊరు పోయినా దరువు మిగలడం ఒక విచిత్ర పరిస్థితి. దీన్ని చూసి 'జానపదం పాడైపోయింది' అనేవారూ ఉన్నారు, 'జానపదం ప్రపంచానికి తెలిసింది' అనేవారూ ఉన్నారు. మళ్ళీ అవే రెండు అభిప్రాయాలు! శ్రీనివాస్‌కు ఆల్బమ్ అట్టమీద పేరుంది. చేతిలో విద్య ఉంది. నచ్చకపోతే కాదనే స్థాయి ఉంది. రేల పాట పాడే ఆడపిల్లకు ఈ మూడింటిలో ఏది ఉంది? విత్తనం మళ్ళీ ఎవరి దగ్గర కొనుక్కోవాలన్న రైతు ప్రశ్న ఇక్కడ సూటిగా తగులుతుంది. తన దరువును తానే డబ్బిచ్చి అద్దెకు తెచ్చుకునే రోజు ఆ గూడేనికి రాకూడదు.

అందుచేత కలగలుపు కళను పరిశీలించే రచయితలూ, విద్యార్థులూ నాలుగు ప్రశ్నలు దగ్గర పెట్టుకోవడం మంచిది. ఈ రెండు కళలూ పనిలోని ఏ సమస్య దగ్గర కలిశాయి? ఎవరు ఎవరి కోసం ఆగారు? చివరి కోత ఎవరిది, పేరెవరిది? విన్న తర్వాత శ్రోత మూలం వైపు వెళ్ళాడా, మూలాన్ని మరిచిపోయాడా? మా కుర్రవాడు 'డ్రీమ్' విని త్యాగరాజ కృతుల దాకా వెళ్ళాడు. సంప్రదాయానికి ద్రోహం జరిగిందనేవారు అతనికి జవాబు చెప్పాలి. సన్నాయి పెద్దాయన వెనక మోత తన కోసం ఆగలేదని గమనించాడు. అద్భుతం జరిగిందనేవారు ఆయనకు జవాబు చెప్పాలి. ఇద్దరి మాటనూ ఒకేసారి వినగలిగినప్పుడే మన విమర్శకు ప్రయోజనం.